మా దొడ్లో జెముడు కాకి

"మీ సెలవు ఎప్పటితో అయిపోతోంది?" అని మా మేనేజరు ఫోన్ చేసేటప్పటికి నేను అమలాపురం దగ్గర మా ఊళ్లో, దొడ్డిగుమ్మం మెట్టు మీద కూర్చుని పాపని జోకొడుతున్నాను. ఆగస్టు 20 అని చెప్పబోతుండగా దొడ్డి చివర్నుంచి మొదలైంది. ఊప్... ఊప్... ఊప్... ఊప్. ఖాళీ బిందెలోకి తల పెట్టి ఎవరో మూలుగుతున్నట్టు లోతైన గొంతు. ఒకసారి అందుకుందంటే పది పన్నెండు సార్లు ఆపకుండా అంటుంది.

"అదేంటి, కొండముచ్చా?" అన్నాడాయన.

"కాదండీ, జెముడు కాకి."

"కాకి అలా అరవదు కదా?"

హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన మనిషి. ఆయన అన్నదీ నిజమే, అది కాకి కాదు. పేరులో కాకి ఉంది, నలుపుంది, అంతే. కోకిల కుటుంబం దానిది. ఈ సంగతి నాక్కూడా ఇరవయ్యెనిమిదేళ్లు వచ్చాకే తెలిసింది. చిన్నప్పుడు నాకు తెలిసిందల్లా పొద్దున్నే అది కనిపిస్తే మంచిదని. ఎంసెట్ రోజున మా అమ్మ నన్ను గుమ్మంలో నిలబెట్టి, జెముడు కాకి అడ్డం వచ్చేదాకా బస్సెక్కనివ్వలేదు. వచ్చింది. ర్యాంకు మాత్రం నలభై వేల పైన వచ్చింది. ఆ తప్పు కాకిది కాదనుకోండి, కెమిస్ట్రీది.

పురిటికి వచ్చి ఆరు నెలలు పుట్టింట్లో ఉండటం వల్ల దాన్ని తీరిగ్గా చూడటం కుదిరింది. పాప అయిదున్నరకి లేపేసేది. అప్పటికే అది నేల మీద తిరుగుతూ ఉండేది. తల నుంచి తోక చివరిదాకా మూరెడు పైనే ఉంటుంది. ఒళ్లంతా నిగనిగలాడే నలుపు, రెక్కలు కాల్చిన ఇటుక రంగు, కళ్లు కుంకుమ బొట్లు. ఎగరడం దానికి పెద్దగా చేతకాదు. చెట్టెక్కాలంటే కొమ్మ మీంచి కొమ్మకి గెంతుకుంటూ పైకి పోతుంది, అక్కణ్ణుంచి పక్క చెట్టుకి జారుతుంది. దాని గొప్పంతా నడకలోనే. పంచె ఎత్తిపట్టుకుని చేలగట్టు మీద నడిచే పెద్దాయనలాగా ఒక్కో అడుగూ చూసుకుని వేస్తుంది. ఆకులు తిరగేస్తుంది. మిడతా, నత్తా, తొండా, ఎలుకపిల్లా, చిన్న పాముపిల్లా, ఏది దొరికితే అది.

ఇంగ్లీషువాళ్లు దీనికి 'క్రో ఫెజంట్' అని పేరు పెట్టారు. సలీం అలీ పక్షుల పుస్తకం 1941లో వచ్చినప్పుడు కూడా అందులో ఆ పేరే. ఇప్పుడు 'గ్రేటర్ కౌకల్' అంటున్నారు. ఆ రోజుల్లో దేశానికి కొత్తగా దిగిన తెల్ల సిపాయిలు దీన్ని నెమలి జాతి ఫెజంట్ అనుకుని కాల్చి, వండుకుని, నోట్లో పెట్టుకోలేక ఉమ్మేసేవారట. చదివి మా నాన్నకి చెబితే రెండ్రోజులు తలుచుకుని తలుచుకుని నవ్వుకున్నాడు.

జులై మొదటివారంలో అవి గూడు మొదలెట్టాయి. మా దొడ్డి చివర పంటకాలవ గట్టున మొగలి పొద ఉంది. మొగలి ముళ్ల సంగతి తెలుసుగా, గేదె కూడా అందులో మూతి పెట్టదు. ఆ పొద నడిమధ్యలోకి ఎండు అరటాకు పీలికలూ, గడ్డీ, తీగలూ, పచ్చాకులూ మోసుకుపోతోంది ఒక పిట్ట. రెండోది కొబ్బరిచెట్టు మొదట్లో నిలబడి చూస్తోంది. ఆడ, మగ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఆడది కాస్త పెద్దదంతే. గూడు పని ఎక్కువగా మగదే చేస్తుందని చదివాక, ఆ మోసేది మగడేనని నేను తీర్మానించేశాను. మా ఆయనకి వీడియో తీసి పంపాను. "నేను కూడా ఈఎంఐ కడుతున్నా కదా" అని రిప్లై పెట్టాడు.

వారం లోపే గూడు అయిపోయింది. బుట్ట బోర్లించినట్టు గుండ్రంగా ఉంది, పక్కనుంచి దారి. ఆ తర్వాత ఒకటి లోపల ఉంటే ఒకటి బయట. మార్చుకుంటున్నాయి. పొదగడం కూడా ఇద్దరి పనేనన్నమాట.

ఇక్కడ కొంచెం కోకిల సంగతి చెప్పాలి. అదే నెలలో మా కొబ్బరితోటలో ఒక కాకి, తనకంటే వేరే రంగులో మచ్చలు మచ్చలుగా ఉన్న పిల్లకి మేత పెడుతూ కనిపించింది. అది కోకిల పిల్ల. కోకిల గూడు కట్టదనీ, కాకి గూట్లో గుడ్డు పెట్టి పోతుందనీ మనకి తెలిసిందే. సంస్కృతంలో దానికి పరభృతం అనే పేరే ఉంది, పరాయివాళ్లు పెంచినది అని. ప్రపంచంలో కోకిల కుటుంబపు పక్షులు దాదాపు 150 జాతులుంటే, వాటిలో ఇలా పిల్లల్ని పరాయి గూట్లో పెట్టేవి సుమారు 60. మిగతావన్నీ జెముడు కాకిలాగా తమ పిల్లల్ని తామే పెంచుకుంటాయి. అయినా ఉగాదికి మనం పిలిచేది కోకిలనే. పాట బాగుంటే చాలు, పిల్లల సంగతి ఎవరడుగుతారు?

ఈ మాట నేను అమ్మతో అన్నాను. అనకుండా ఉండాల్సింది.

ఎందుకంటే అప్పటికి ఇంట్లో నెల్లాళ్లుగా ఒకే సమస్య నలుగుతోంది. ఆగస్టు 20 తర్వాత పాప ఎక్కడ? చట్టం ఇచ్చింది 26 వారాలు. మా అమ్మకి ఆమాత్రం కూడా లేదు కాబట్టి నేను నోరెత్తకూడదు. కానీ 26 వారాల పాప అంటే ఇంకా కూర్చోబెడితే పక్కకి ఒరిగిపోయే పాప. మణికొండలో మేముండే అపార్ట్‌మెంట్ ఎదురుగా డేకేర్ ఉంది. వెళ్లి చూశాను. ఇరవైమంది పిల్లలు, ఇద్దరు ఆయాలు, గోడ నిండా మిక్కీమౌసులు. యాభైమంది దాటిన సంస్థలో పిల్లల్ని చూసుకునే గది ఉండాలని అదే చట్టంలో ఉంది. మా ఆఫీసులో అడిగితే హెచ్ఆర్ అమ్మాయి "చెక్ చేసి చెబుతానండీ" అంది. ఇంకా చెక్ చేస్తూనే ఉంది. అమ్మ హైదరాబాద్ వద్దామంటే ఇక్కడ నాన్న, రెండెకరాల కొబ్బరి, రెండు గేదెలు. ఇక మిగిలింది మా ఆఫీసులో సగంమంది చేసిన పనే. పాపని అమ్మ దగ్గర వదిలేసి, శుక్రవారం రాత్రి బస్సెక్కి వచ్చి, ఆదివారం రాత్రి బస్సెక్కి పోవడం.

కాబట్టి నేను కోకిల గురించి ఆ మాట అనేసరికి అమ్మ చేట కింద పెట్టేసింది.

"అయితే పాపని నా దగ్గర వదిలితే నువ్వు కోకిలవీ, నేను కాకినీనా?"

"అది కాదే అమ్మా..."

"పిట్టని చూసి పిల్లని పెంచుతారా ఎవరైనా? నన్ను మా పెద్దమ్మ పెంచింది. మా అమ్మకి అయిదుగురం. మా పెద్దమ్మ కాకి అని ఎవరూ అన్లేదే."

ఆ పూట నాతో మాట్లాడలేదు. కూర మాత్రం నాకిష్టమైన పనసపొట్టు వండింది.

జులై మధ్యలో పాపకి అన్నప్రాశన చేశాం. చుట్టాలొచ్చారు. భోజనాలయ్యాక అందరూ అరుగు మీద కూర్చుంటే దొడ్లోంచి ఊప్ ఊప్ మొదలైంది. వరసకి బాబాయి అయ్యే ఒకాయన చప్పున లేచి నిలబడ్డాడు.

"వదినా, గూడు పెట్టిందా?"

అమ్మ నా వైపు చూసింది. నేను పాపని చూస్తున్నట్టు నటించాను.

ఎందుకడిగాడో మా వైపు ఎవరికైనా తెలుస్తుంది. జెముడు కాకి గూట్లో సంజీవని పుల్ల ఉంటుందంటారు. పిల్ల కాలికి ఇనప తీగ కడితే, తల్లి అడవికి పోయి ఏదో వేరు తెచ్చి తాకించి ఆ తీగ తెగ్గొడుతుందట. ఆ వేరు గూట్లోనే ఉండిపోతుందట. గూడంతా తీసుకెళ్లి పారే నీళ్లలో ఒక్కో పుల్లా వదిలితే, ఏది ఏటికి ఎదురు పోతుందో అదే సంజీవని. కేరళలో కూడా దీని గూటి గురించి ఇలాంటి కథే ఉంది, అక్కడ మొక్క పేరు వేరు. ఇప్పుడు ఫోన్లలో దీనికి వీడియోలు కూడా వచ్చాయి. వెనకాల భక్తి సంగీతం, ముందు ఒక పళ్లెంలో నీళ్లు, అందులో కదిలే పుల్ల. వీటివల్ల ఎన్ని గూళ్లు గుడ్లతో సహా పోయాయో!

బాబాయి వీడియో చూసి ఆశపడే రకం కాదు. ఉగాది ముందు మా పిన్నికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట. కాకినాడలో నెల్లాళ్లు ఉంచి తీసుకొచ్చారు. ఆయనే నీళ్లు పోస్తాడు, జడ వేస్తాడు. మొదట్లో జడ వంకరగా వచ్చేది, ఇప్పుడు బాగా వేస్తున్నాడు. అన్నప్రాశనకి ఆవిడని కుర్చీతో సహా ఆటోలో ఎక్కించి తీసుకొచ్చాడు.

నేను ఆయన్ని పక్కకి పిలిచి, "బాబాయ్, గూట్లో గుడ్లున్నాయి. వన్యప్రాణుల చట్టం ఉంది, 1972 నుంచీ. గూడు పీకితే కేసవుతుంది" అన్నాను. చెబుతుంటే నాకే ఏదోలా అనిపించింది. ఆయన నన్ను తిట్టలేదు.

"గుడ్లున్నప్పుడు ఎవడు పీకుతాడమ్మాయ్? పిల్లలెగిరిపోయాకే కదా. తీగా గీగా ఏం కట్టను, ఆ పాపం నాకొద్దు. ఖాళీ గూడు నాకివ్వు, అంతే."

ఖాళీ గూటి మీద నాకేం హక్కుంది? సరేనన్నాను. ఆ రోజు నుంచీ ఆయన వారానికి రెండుసార్లు వచ్చేవాడు. దూరంగా గొడ్లసావిడి దగ్గర నిలబడి, "ఎక్కడిదాకా వచ్చింది?" అని అడిగి పోయేవాడు. మా మేనేజరు కూడా ప్రాజెక్టు గురించి అంత మర్యాదగా అడగడు.

జులై ఆఖర్లో పిల్లలు బయటికొచ్చాయి. గుడ్లు పదిహేను పదహారు రోజులు పొదుగుతాయి, లెక్క సరిపోయింది. మొగలి పొదలోకి ఎవరం పోలేం కాబట్టి, రెండు పెద్దపిట్టలూ లేని సమయం చూసి, దోటి చివర ఫోను కట్టి వీడియో తీశాను. ఇంజినీరింగు నాలుగేళ్లు చదివినందుకు ఊళ్లో వాళ్లు మెచ్చుకున్న పని ఇదొక్కటే. మూడు పిల్లలు. నల్లటి చర్మం, దాని మీద తెల్లగా, బిరుసుగా వెంట్రుకల్లాంటి నూగు. మూడూ మూడు సైజులు. పుట్టిన రోజే ముసలాళ్లయిపోయినట్టున్నాయి. ఎంత వికారంగా ఉన్నాయంటే మా పాప పుట్టిన మొదటిరోజు ఫోటో గుర్తొచ్చింది.

ఇక చూడాలి ఆ మొగుడూ పెళ్లాల పరుగులు. తెల్లారకముందు మొదలెడితే చీకటి పడేదాకా. మిడత, గొంగళిపురుగు, తొండ. వానలో కూడా. ఒకటి పొదలోంచి వస్తుంటే ఇంకోటి లోపలికి పోతోంది. నేను పాపకి పాలిస్తూ కిటికీలోంచి లెక్కపెట్టేదాన్ని. ఇద్దరు, పూర్తి టైము, వర్క్ ఫ్రమ్ హోమ్. మా ఆయనకి రోజూ రిపోర్టు పంపేదాన్ని. అందులో వెటకారం ఉందని ఒప్పుకుంటున్నాను. దొడ్లో ఒక ఆదర్శ కుటుంబం దొరికినట్టు, దాన్ని చూపించి అందరి మీదా కేసు గెలవాలన్నట్టు ఉండేది నా వరస.

ఆగస్టు మొదటివారంలో ఒక పొద్దున మందార చెట్టులో పిగిలిపిట్టలు గోల గోలగా అరిచాయి. అక్కడ వాటి గూడుంది, రెండు పిల్లలున్నాయి. నేను వెళ్లేసరికి జెముడు కాకి మందార కొమ్మ మీద ఉంది. ముక్కున పిగిలిపిట్ట పిల్ల, ఇంకా రెక్కలు రాని ఎర్రటి పిల్ల. నేను "ఛీ, పో" అని అరిచాను. నన్నొకసారి ఆ కుంకుమ కళ్లతో చూసి, కొమ్మలోంచి కిందికి దిగి, అదే పెద్దాయన నడకతో మొగలి పొదలోకి వెళ్లిపోయింది. కాసేపటికి వచ్చి రెండోదాన్ని కూడా తీసుకుపోయింది. పిగిలిపిట్టలు మధ్యాహ్నం దాకా ఆ కొమ్మ చుట్టూ తిరిగాయి.

అది గుడ్లూ, పక్షిపిల్లలూ తింటుందని నేను చదివే ఉన్నాను. చదవడం వేరు. ఆ సాయంత్రం మా ఆయనకి రిపోర్టు పంపలేదు.

అమ్మకి చెబితే, "మరి దాని పిల్లలకి ఏం పెడుతుంది, ఉగ్గా?" అంది. తర్వాత పాప చెయ్యి కడుగుతూ కడుగుతూ, "నాన్న రెండు నెల్లు వండుకోగలనంటున్నాడు. దసరా దాకా నేనొస్తాను, ఆపైన చూద్దాం" అంది. ఈ ముక్క వాళ్లిద్దరూ ఎప్పుడనుకున్నారో నాకు తెలీదు. గేదెలకి ఒక మనిషిని కూడా మాట్లాడేశారట. నేనేమో అప్పటికి ఆరు వారాలుగా పిట్టల్ని చూస్తూ కూర్చున్నాను.

ఆగస్టు 15 దాటాక గూడు ఖాళీ అయింది. మూడింట్లో రెండు పిల్లలే గట్టు మీద కనిపించాయి. మూడోది, అన్నింటికంటే చిన్నది, ఏమైందో కనబడలేదు. రెక్కలు పూర్తిగా రాలేదు కానీ పొదల్లోంచి పొదల్లోకి అప్పుడే పాకేస్తున్నాయి.

బాబాయికి ఫోన్ చేశాను. పది నిమిషాల్లో కత్తీ, గోనెసంచీ పట్టుకొచ్చాడు. చేతులు గీరుకుపోతున్నా గూడు చెదరకుండా తీశాడు. నేనూ ఆయనతో వంతెన దగ్గరికి వెళ్లాను. పాపని అమ్మకిచ్చి వెళ్లాను. ఎందుకు వెళ్లానంటే, ఏమీ జరగనప్పుడు ఆయన పక్కన ఎవరో ఒకరు ఉండాలనిపించింది.

కాలవ నిండుగా పారుతోంది. ఆయన మెట్ల మీద కూర్చుని ఒక్కో పుల్లా వదిలాడు. గడ్డిపరక, అరటి పీలిక, తీగముక్క. అన్నీ బుద్ధిగా కిందికి పోతున్నాయి. సగం గూడు అయిపోయింది. అప్పుడొక జానెడు పుల్ల వంతెన దిమ్మ వైపు కొట్టుకుపోయి, దిమ్మ దాటగానే ఆగింది. ఒక క్షణం అలాగే నిలబడి, మెల్లగా వెనక్కి తిరిగి ఎదురు నడిచింది. మూరెడు దూరం.

బాబాయి నీళ్లలోకి దిగిపోయాడు, నడుం లోతు. పుల్ల పట్టుకున్నాడు. ఆయన మొహం నేనెప్పుడూ అలా చూడలేదు.

దిమ్మకి ఒరుసుకుని నీళ్లు పారితే దాని వెనక సుడి పుడుతుంది. ఆ సుడిలో కొంత నీరు ఏటికి ఎదురు పోతుంది. అక్కడ అగ్గిపుల్ల వేసినా వెనక్కే వస్తుంది. సెకండియర్‌లో ఫ్లూయిడ్ మెకానిక్స్ వేరే బ్రాంచివాళ్లకి, కానీ ఇది తెలియడానికి ఆ పుస్తకం అక్కర్లేదు.

"చూశావా అమ్మాయ్? నువ్వు ఇంజినీరువి, నువ్వు చెప్పు. వెనక్కి వెళ్లిందా లేదా?"

"వెళ్లింది బాబాయ్. నేనూ చూశాను."

ఆయన పుల్లని తువ్వాల్లో చుట్టాడు. "మందులు మాత్రం ఆపకు. ఆ వ్యాయామం చేయించే అబ్బాయిని కూడా మాన్పించకు" అన్నాను. "ఛ ఛ, ఎందుకు మాన్పిస్తాం? అవీ ఉంటాయి, ఇదీ ఉంటుంది" అన్నాడు. తడి పంచెతో, సైకిలెక్కకుండా, నడిపించుకుంటూ వెళ్లాడు. నేను చేసింది తప్పో ఒప్పో అమ్మని కూడా అడగలేదు.

ఇప్పుడు మణికొండలో ఉన్నాం. అమ్మ వచ్చింది. దసరా తర్వాత సంగతి ఇంకా తేల్లేదు. మొన్న బాబాయి ఫోన్ చేసి పిన్నికిచ్చాడు. పుల్ల దిండు కిందే ఉందట. చెయ్యి ఇంకా పైకి లేవడం లేదు. మాట ముద్దగానే వచ్చింది కానీ అర్థమైంది.

"పాప... పాకుతోందా?"

"పాకుతోంది పిన్నీ," అన్నాను, "వెనక్కి."

అవతల పిన్ని చాలాసేపు నవ్వింది.